చిరునామా రుజువు

ముప్పై ఒక్క ఏళ్లు తణుకు డిపోలో
టికెట్లు కొట్టిన చెయ్యి ఇది.
ఇప్పుడు గ్రిమ్స్‌బీలో, చేపల వాసన ఆరని వీధిలో
ఒక్క కాగితం కోసం చాపుకుని తిరుగుతోంది.

సలోమికి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం.
వీసా ఆమెది, జీతం ఆమెది,
అద్దె కాగితం మీద సంతకం ఆమెది.
ఆమె ఫారంలో నేనొక గడి,
ఆధారపడినవారు అని ఉన్నచోట టిక్కు.
సిగ్గేం లేదు.
రేషన్ కార్డులో తను నా పేరు కింద ఉండేది.
సీటు మారాం, అంతే.

కానీ బ్యాంకు అమ్మాయి నవ్వుతూనే అడుగుతుంది,
మీ పేరు మీద ఇంటికొచ్చిన బిల్లేదైనా ఉందా అని.
గ్యాసు సలోమి పేరు మీద.
కరెంటుకి ఎవరి పేరూ లేదు,
సందు చివరి కొట్లో పది పౌండ్లు కట్టొస్తే
మీటరు తాగి పడుకుంటుంది.
నాకు ఇంటిపేరుందమ్మా, మద్దాల, అన్నాను.
ఇల్లు చూపించమంది.

డాక్టరు కోసం పొద్దున్నే ఎనిమిదికి ఫోను.
మీరు వరుసలో పదిహేడోవారు, అంటుంది గొంతు.
తీర్థం రోజుల్లో ఒక్క బస్సులో
నూటపదిమందిని సర్దినవాణ్ణి,
పదిహేడు నాకో లెక్కా?
లెక్కే. ఊరినుంచి తెచ్చిన బీపీ మాత్రలు
ఇరవై రెండే మిగిలాయి.
రాత్రి క్యాష్ అప్పగించే ముందు నోట్లు ఎంచినట్టు
రోజూ పడుకునే ముందు ఎంచుతాను.

నవంబరులో ఇంకో పని.
బతికే ఉన్నానని పింఛను ఆఫీసుకి చెప్పుకోవాలి.
ఫోనులో మొహం చూపిస్తే చాలన్నారు.
వెలుతురు చాలలేదంది ఫోను.
నాలుగు కాకుండానే చీకటిపడే ఊరు మరి.
మర్నాడు కిటికీకి ఆనుకుని, కళ్లు పెద్దవి చేసి,
మూడోసారికి ఒప్పించాను.
ఆ సాయంత్రం బతికున్నవాడిలాగే
చెత్తడబ్బా రోడ్డు మీదకి లాగాను.
గోధుమరంగుది కాదు ఇస్సాకూ, ఈ వారం నల్లది,
అని అరిచింది పక్కింటి మోరీన్.

ఇక్కడి బస్సుల్లో కండక్టరు లేడు.
టికెట్టూ స్టీరింగూ ఒకడే చూసుకుంటాడు.
దిగే ప్రతివాళ్లూ అతనికి థాంక్స్ చెప్పి దిగుతారు.
నాకు ఎందరు చెప్పారో
ఒక చేతి వేళ్లు ఎక్కువ.
నేను రెండుసార్లు చెప్పి దిగుతాను,
అతనికొకటి,
అతని వెనక లేనివాడికొకటి.

చివరికి సలోమే పట్టుబట్టింది.
రాత్రి డ్యూటీ దిగి, బూట్లైనా విప్పకుండా
నీళ్ల కంపెనీకి ఫోను చేసి,
నలభై నిమిషాలు వాళ్ల సంగీతం విని,
మా ఆయన పేరు కూడా చేర్చండి అంది.
ఆయన కూడా నీళ్లు వాడుతున్నాడా, అని అడిగారట.
తను ఏం చెప్పిందో నాకింతవరకు చెప్పలేదు.

మంగళవారం, తలుపు కంతలోంచి
దభీమని పడింది కవరు.
మిస్టర్ మద్దాల.
ముప్పై ఒక్క పౌన్ల నలభై పెన్నీలు బాకీ.

నిలబడే చదివాను, రెండుసార్లు.
చిల్లర లేని రోజుల్లో
టికెట్టు వెనక పెన్సిలుతో రాసిచ్చేవాణ్ణి,
రూపాయిన్నర, రెండు రూపాయలు అని.
దిగేదాకా జనం ఆ ముక్కని
పిడికిట్లో పట్టుకుని కూర్చునేవాళ్లు.
అప్పుడు బాకీ నాది.
ఇప్పుడు నాదే.
అయినా ఈ కాగితం పిడికిట్లో ఉంటే
బస్సెక్కినట్టే ఉంది.

బ్యాంకు మూసేలోపు వెళ్లొస్తానన్నాను.
గొడుగు తీసుకెళ్లు, బిల్లు తడుస్తుంది, అంది సలోమి,
నేను తడిసే సంగతి ఎత్తకుండా.