పదకొండో పేరా

నేను రాసిన పేజీ మీద జనం చూపులు ఎక్కడ ఆగాయో
మాదాపూర్ ఆఫీసులో రంగులేసి చూపించారు.
పైన ఎర్రగా, ఎడమ అంచున కాస్త పసుపు,
కిందికి పోనుపోను నీలం,
ఆ తర్వాత ఏమీ లేదు.

ఆ ఎర్రటి చోట ఆసుపత్రి చైర్మన్‌గారి నవ్వు,
మూడు రాత్రులు కూర్చుని నేను చెక్కిన ముందుమాట.
"పరగడుపున రండి" అన్నది మాత్రం
పదకొండో పేరాలో,
నీలం కూడా చేరని చోట.

చంద్రకళ గగన్‌పహాడ్ నుంచి వచ్చింది
రెండు ఇడ్లీలు తిని.
రక్తం తీసే పిల్ల సూది పక్కన పెట్టేసింది.
"పేజీలో రాశాం కదమ్మా" అన్నాను.
ఆమె ఫోన్ తెరిచి బొటనవేలితో సర్రున లాగింది,
లాగుతూనే ఉంది.
"గింతగనం రాస్తే ఎవలు సదువుతరు సారూ?
బస్సుల నిలవడి, ఒక చేత్తోని కడ్డీ పట్టుకొని సూసిన.
ఎనిమిదింటికి రమ్మన్నరు. వచ్చిన."

సాయంత్రం కోఠిలో నిలబడ్డాను.
బస్సు స్టాపులో ఆగదు. ముందో వెనకో
ఆగినట్టు నటిస్తుంది.
జనం బోర్డు చదవరు, ఏరుకుంటారు:
నంబరు, ఊరి పేరులో ఒక అక్షరం,
ఇక పరుగు.
నేనూ అంతే. మెహిదీపట్నం అనుకుని
ఒకసారి మేడ్చల్‌లో తేలాను.

ఇన్నేళ్లూ పాఠకుడంటే
కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు తుడుచుకుని
మొదటి మాట నుంచి నడిచొచ్చే మనిషనుకున్నాను.
అతను లేడు.
లేడని కోపం తెచ్చుకోవటానికి నేనెవర్ని?
కరెంటు బిల్లులో చివరి తేదీ తప్ప
నేను మాత్రం ఏం చదివాను?

రాత్రి పేజీ విప్పాను.
చైర్మన్‌గారి నవ్వుని కిందికి దింపాను.
ఆ రెండు మాటల్నీ చెయ్యిపట్టి పైకి తెచ్చి
బొటనవేలు తడబడే చోట నిలబెట్టాను, లావుగా.
పరగడుపు దగ్గర మళ్లీ ఆగాను.
కొట్టేసి రాశాను:
"ఏమీ తినకుండా రండి. నీళ్లు తాగొచ్చు."

ముందుమాటని తీసెయ్యలేకపోయాను.
అట్టడుగున ఉంచాను.
వార్డు బయట బెంచీ మీద
నిద్రపట్టనివాళ్లెవరైనా
నాలుగు శాతం ఛార్జింగ్‌తో
అక్కడిదాకా వస్తారేమో.

వాళ్లు ప్రతి మాటా చదువుతారు కనక
అందులో రెండు అబద్ధాలు
కొట్టేశాను.