ఎడమవైపు ముందు చక్రం

పొద్దున ఎనిమిదికే బల్ల మీద రెండు ఫైళ్ళు.
మ్యూనిక్‌లో, ఇజార్ నది పక్కన, పేటెంట్ ఆఫీసు మూడో అంతస్తు.
నా పని ఒక్కటే ప్రశ్న: ఇది కొత్తదా?
ఇరవై రెండేళ్ళుగా అదే అడుగుతున్నాను,
ఇంట్లో కూడా.
అందుకే మా ఆయన జోకులు వేయడం మానేశాడు.

మొదటిది వుపర్టాల్ నుంచి. డెట్లెఫ్ హార్నిష్.
సూపర్‌మార్కెట్ బండ్లను ఎవరూ ఎత్తుకుపోకుండా ఉపాయం.
పార్కింగ్ అంచున నేలలో తీగ పాతుతాడు,
బండి దాన్ని దాటిందా,
చక్రం లోపలి రెక్క విచ్చుకుని నేలను కరుచుకుంటుంది.
దొడ్డి దాటే దూడకు గుదికర్ర కట్టినట్టే,
కాకపోతే ఈ కర్ర కడుపులో ఉంటుంది.
నాలుగో బొమ్మలో ఆ రెక్కను ఎంత ముద్దుగా గీశాడో!
"ఏటా నది అడుగునుంచి నలభై బండ్లు నేనే లాగుతాను,
చలికాలం చేతులు మొద్దుబారతాయి" అని కూడా రాశాడు.
అర్జీలో ఆ వాక్యం ఉండకూడదు.
కొట్టేయమని చెప్పాలి.
చెప్పలేదు.

రెండోది డ్రెస్డెన్ నుంచి. ఇల్కా ప్రోయ్స్.
సిలికాన్ పలకకు గాలి తగిలితే చాలు,
కంటికి ఆనని పొర ఒకటి పేరుకుంటుంది.
దాన్ని ఆమ్లపు ఆవిరితో ఒలుస్తుంది ఈవిడ.
ఒలిచాక చేతులు చాచిన పరమాణువులకు
తలా ఒక హైడ్రోజన్ అందిస్తుంది,
పేచీ పెట్టకుండా పిల్లల చేతిలో బెల్లంముక్క పెట్టినట్టు.
పొర పోయిందని తెలిసేదెలా?
నీటి చుక్క వేసి చూడమంటుంది.
పొర ఉంటే నీరు కాళ్ళు చాపుకుని పడుకుంటుంది,
లేకుంటే తామరాకు మీదలాగా
ఉండచుట్టుకుని జారిపోతుంది.

ఒకటి బయటికి పోనివ్వదు, ఇంకొకటి దగ్గరికి రానివ్వదు
అని అంచున రాసుకున్నాను.
పోలికలకు పేటెంట్ లేదు.
దాని మీద కాఫీ కప్పు పెట్టాను.

సాయంత్రం వాన.
గీజింగ్‌లో మా సూపర్‌మార్కెట్ ముందు కొత్తగా పసుపు గీత.
ఎక్కడో మూతపడ్డ కొట్టు నుంచి కొన్న పాత బండ్లట.
గీతకు రెండడుగుల అవతల
క్రెసెంజ్ హుబ్‌మాన్, మా కింది వాటా ఆవిడ, ఎనభై ఆరు,
మొరాయించిన బండిని తిడుతోంది.
అచ్చమైన బవేరియా తిట్లు, ఒక్కటీ కొత్తది కాదు.
ఆమెకది బండి కాదు, చేతికర్ర.
బస్టాపు దాకా నెట్టుకెళ్ళి
మర్నాడు తెచ్చి యథాస్థానంలో పెడుతుంది, పదకొండేళ్ళుగా.
ఇవాళ బంగాళదుంపలు, పిల్లికి ఇసుక, రెండు బీరు సీసాలు,
గీతకు అవతల నడిరోడ్డున.

వంగి చూశాను.
ఎడమవైపు ముందు చక్రం.
వేలితో గ్రీజు తుడిస్తే
రెక్క. అదే రెక్క. నాలుగో బొమ్మ.
పక్కన పోతపోసిన సంవత్సరం, పదమూడేళ్ళ కిందటిది.

అయ్యో, హార్నిష్.

"ఏమిటమ్మా, దానికి పాఠం చెబుతున్నావా?" అంది ఆవిడ.
పిడిని పొట్టతో అదిమాను.
ముందు చక్రాలు గాల్లోకి లేచాయి,
వెనక రెండింటి మీద
కుక్కను రెండు కాళ్ళ మీద నడిపించినట్టు
బస్టాపు దాకా నడిపించాను.
ఆమె నా మోచేయి పట్టుకుంది.
ఆమె ప్లాస్టిక్ రెయిన్‌కోటు మీద వాన
ఎక్కడా నిలవకుండా ఉండలు ఉండలుగా దొర్లిపోతోంది.
ఇల్కా ప్రోయ్స్ చూస్తే పాసు చేసేది.
చేతులు మాత్రం ముంజేతుల దాకా తడిసి ఉన్నాయి,
చల్లగా.

మర్నాడు రెండు ఉత్తరాలు.
డ్రెస్డెన్‌కు: మూడో పేరాలో 'శుభ్రం' అన్నమాట అస్పష్టం.
ఎంతసేపు శుభ్రమో తెలుపగలరు.
వుపర్టాల్‌కు: కొత్తది కాదు, సాక్ష్యం జతపరిచాము.
అంతవరకు రాసి ఆగాను.
ఆ నది వాక్యం దగ్గర ఎర్ర పెన్ను మూత తీసి,
మళ్ళీ పెట్టేశాను.