ఇంటూ గుర్తు

సీసాకి ఐదు పైసలు.
గుణుపురం ఆసుపత్రి వెనక గోడవార
ఖాళీ సెలైన్ సీసాలేరి, బూడిదతో తోమి
కాంపౌండర్ పేడాడ కూర్మారావు గారికి ఇచ్చేవాణ్ణి.
నాకప్పుడు పదకొండేళ్ళు.
వెలుతురుకెత్తి చూసి
చిన్న మరకున్నా వెనక్కిచ్చేవాడు:
"ఇందులో పిల్లలు పెరగాల్రా, కల్లు కాదు."

పిల్లలంటే మొక్కలు.
బదనికలని మేమంటే కోపం ఆయనకి.
"బదనిక చెట్టుని తింటాది. ఇది తినదు.
అద్దెకుంటాది, అంతే.
అద్దె కూడా ఇవ్వదనుకో."

సోంబారి పుట్టాసింగి కొండల మీంచి
మంగళవారం సంతకి
చింతపండు, అడ్డాకులు, కొండచీపుళ్ళు తెచ్చేది.
తట్ట అడుగున తడిగుడ్డలో
ఎవరూ కొనని మొక్క ఒకటి.
ఆయన కొనేవాడు.
చిల్లర లేనినాడు ఎర్రమందు సీసా.
ఏ కొమ్మ మీద, ఎటు ఎండ, పక్కన ఏ చీమలు,
ఆమె చెప్పేది సగం సవర, సగం ఒడియా;
ఆయన రాసుకునేది తెలుగు,
అంకెలు మాత్రం ఒడియావి.

అగ్గిపుల్ల మొనతో పుప్పొడి ముద్ద తీసి
ఒక పువ్వు గొంతులోంచి ఇంకో పువ్వు గొంతులోకి.
రిజిస్టర్లో ముందు తల్లి, తర్వాత తండ్రి,
నడుమ ఇంటూ గుర్తు.
తల్లి, సోంబారి తెచ్చిన నక్కతోక.
తండ్రి, తహసీలాఫీసు మామిడి మీది గళ్ళపువ్వు.

కాయ ముదరడానికి పది నెలలు.
లోపల ముక్కుపొడి కన్నా సన్నం విత్తనం,
దారిబత్తెం లేకుండా పుట్టింది.
పంచదార, కొబ్బరినీళ్ళు, చైనాగడ్డి మరిగించి
కుక్కర్లో పెట్టేవాడు.
ఆ ఇంట్లో ఆదివారం పప్పు ఉడికేది కాదు.
ఒకసారి, సరిగ్గా కాయ విప్పినప్పుడే, తుమ్మాడు.
మూడు లక్షల పిల్లలు గాల్లో కలిశాయి.
నేను నవ్వాను.
ఆయన చాలాసేపటికి నవ్వాడు.

బూజు తిన్న సీసాలు నూట నలభై.
పచ్చబడింది ఒకటి.

కరెంటు పోయిన రాత్రుళ్ళు చెప్పేవాడు:
సీమలో మొదటి సంకరం పూయించినవాడు ఒక తోటమాలని,
ఆడా మగా ఎక్కడున్నాయో అతనికి చూపించినవాడు డాక్టరని.
"పేరెవరిది పెట్టారో తెలుసా? డాక్టరుది కాద్రా! తోటమాలిది!"
చీకట్లో కూడా తెలిసేది
కాంపౌండరు ముఖం ఎలా ఉందో.

ఏడో ఏట పూసింది.
తల్లి గులాబీ కాదు, తండ్రి గోధుమ గళ్ళూ కాదు,
ఇటుకబట్టీ పొగలోంచి చూసిన పొద్దు రంగు.
వాసన మాత్రం తండ్రిది,
పదిగంటల బండి కూసేదాకా ఉండి పోయేది.

లండన్‌కి ఫారం రాశాడు.
పేరు గడిలో: సోంబారి.
తల్లి గడిలో ఆమె పలికిన సవర పేరు.
పుస్తకంలో పేరు తెలియక కాదు,
"ఆ పేరుతోనే కదా కొండ దిగింది" అన్నాడు.
ఆర్నెల్లకి జవాబు:
తల్లి ఎవరో తెలియలేదు, సరిచేసి పంపండి.
ఆ కాగితం మడిచి
ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టాడు.

సోంబారి వచ్చి చూసింది.
ముక్కు దగ్గర పెట్టుకుంది.
తన పేరని చెబితే నమ్మలేదు.
"ఎవరింటి పిల్లయినా, ఇక్కడ సీసాల మధ్య ఏం బతుకుద్ది" అని
సగం విరిచి తట్టలో వేసుకుంది.
ఆయన అడ్డం చెప్పలేదు.
రెండో సగం ఆయన పోయిన వేసవికి
నీళ్ళు పోసేవాళ్ళు లేక ఎండిపోయింది.
రిజిస్టరు ఎటు పోయిందో.

ఇప్పుడు నేను కరెంటు మీటర్లు చూస్తాను.
మొన్న భాద్రపదంలో కొండ మీద ఆఖరి ఇల్లు,
వాకిట్లో పనసచెట్టు, దాని నిండా ఆ పొద్దు రంగు.
సోంబారి మనవరాలు బియ్యం చెరుగుతోంది.
ఇదేం పువ్వని అడిగితే
"కాంపౌండరు" అంది, తల ఎత్తకుండా.
రీడింగు రాసుకోవడం మరిచి నిలబడ్డాను.
వాడిన రెమ్మకి
చిటికెనవేలంత కాయ ఉంది.
ఏ తేనెటీగ వేసిందో ఇంటూ గుర్తు.
జేబు తడుముకున్నాను,
పెన్ను, రసీదులు.
సీసా లేదు.