ఎర్ర లైటు మీద ప్లాస్టరు

కాజీపేట రైల్వే క్వార్టర్ల నుంచి
బదిలీ మీద పోతున్న ఆఫీసరు దగ్గర
సగం ధరకు కొన్న రెండు తలుపుల ఫ్రిజ్.
గ్లాసు ఆనిస్తే తలుపులకెల్లి నీళ్లు పడతయి.
మా అత్త కొమురమ్మ మొదటి వారమంత
దాన్ని పాడి ఆవును చూసినట్టు చూసింది.

ఉగాది దాటినంక
దాని నుదుట ఎర్ర చుక్క వెలిగింది.
ఫిల్టర్ మార్చాలెనట.
ఆరు నెలలకోసారట.
ధర విన్నంక,
వార్డు నుంచి తెచ్చిన తెల్ల ప్లాస్టరు
వేలెడంత తుంచి
ఆ చుక్క మీద అంటించిన.
కనపడకుంటే లేనట్టే కదా అనుకున్న,
నేను, స్వరూపను,
పదకొండేండ్ల సర్వీసున్న డయాలిసిస్ టెక్నీషియన్‌ను.

తర్వాత ధార సన్నబడ్డది.
గ్లాసు నిండేలోపు
పొయ్యి మీద చాయ్ పొంగి దిగేది.
ఎండకాలం గదా, ప్రెషర్ లేదని
మా ఆయన నల్లా మీదికి తోసిండు.
నేను గూడ నల్లా మీదికే తోసిన.

మంగళవారం, శుక్రవారం ఓదెలు వస్తడు,
పరకాల అవతలి నుంచి, మొదటి బస్సుకు.
ఒకప్పుడు బావులు తవ్విన మనిషి.
ఇప్పుడు రోజుకు మూడు గ్లాసుల నీళ్లే రాసిచ్చిన్రు.
నాలుక ఎండితే చప్పరించనీకె
నాలుగు ఐసు ముక్కలు థర్మాస్‌ల తెస్త,
అవి గూడ లెక్కల రాస్త.

ఆ శుక్రవారం
ఒక ముక్క బుగ్గన పెట్టుకొని
కండ్లు మూసిండు, తెరిసిండు.
"సిస్టరమ్మా, గిది తూము కాడి వాసనొస్తంది.
అడుగు మట్టి."
మిషను తిరుగుతనే ఉంది.
ఆయన నెత్తురు నా ముంగటే
వెంట్రుకల్లాంటి గొట్టాలల్ల వడపోసుకుంటంది.
నాకు ఆ ప్లాస్టరు ముక్క యాదికొచ్చి
చెవులు కాలినయి.

హన్మకొండ చౌరస్తాల మూడు దుకాణాలు తిరిగిన.
ఒకడు "అన్నిటికీ ఇదే పడ్తది" అన్నడు.
పడదు.
పాతదాని ఒంటి మీద నంబరుంటది,
అది రాసుకొని పోవాలె.
ఈ సంగతి రెండోసారి పోయినప్పుడు తెల్సింది.

పై అర పక్కన చిన్న మూత.
కింద పాత తువ్వాల పరిచి
ఎడమకు పావు చుట్టు తిప్పి గుంజితే
గుక్కెడు నీళ్లు కక్కి ఊడొస్తది,
నీళ్లు మింగిన సొరబుర్ర లెక్క, బరువుగ.
కొత్తదాని బాణం గుర్తు చూసి
లోపలికి నూకి కుడికి తిప్పాలె.
టక్కుమనాలె. అనకుంటే కూసోలేదన్నట్టు.
మొదటి నీళ్లు తుమ్ముతయి, దగ్గుతయి,
బొగ్గు నలకలు తెస్తయి.
రెండు బకెట్లు పారబొయ్యాలె.
కొమురమ్మ ఒప్పుకోలే,
కరివేపాకు చెట్టుకు మోసింది.
పాత ఐసు గూడ దానికే.
బటన్ మూడు సెకండ్లు ఒత్తి పట్టుకుంటే
ఎర్రది పోయి నీలమైంది.
ప్లాస్టరు జిగురు మాత్రం పోలే,
ఇప్పటికీ దుమ్ము అంటుకుంటది అక్కడ.

అలవాటుగ మార్కర్ తీసి
లోపల బిగించకముందే తేదీ వేసిన.
వార్డుల ప్రతి గొట్టం మీద మనిషి పేరు రాస్తం,
ఎన్నోసారి వాడుతున్నమో రాస్తం.
పేరు కాడ చెయ్యి ఆగింది.
"ఇల్లు" అని రాసిన. పక్కన ఒకటి.

పాతదాన్ని ఆక్సాబ్లేడుతోని కోసి చూసిన.
మడత మడతల ఇటుక పొడి రంగు.
ఎక్కడి గోదారో, ఎన్ని పైపులో, ఏ ట్యాంకు అడుగో.
ఇదంత మా కడుపుల పడకుండ పట్టుకొని
ఇగ నాతోని కాదని కన్ను తెరిస్తే
ఆ కంటికి గంత కట్టిన.

మంగళవారం కొత్త ఐసు తీస్కపోయిన.
ఓదెలు బుగ్గన పెట్టుకున్నడు.
నేను మిషను అంకెలు చూస్తున్నట్టు నిలబడి
ఆయన మొఖమే చూస్తున్న.
ఎంతసేపటికీ ఏమనడు.
"ఎట్లున్నది?"
"ఏం వాసన లేదు సిస్టరమ్మా" అన్నడు.
ముక్క కరిగేదాక ఆగి,
"ఏ ఊరి నీళ్లో సుత తెలుస్తలేదు."