హంపన్న నిద్ర

రాయదుర్గంలో జీన్సు కుట్టే షెడ్డు.
గుండీలు ఏరే హంపన్నకు
పుట్టుకతోనే చూపు లేదు.
"ఎన్ని లైట్లేసినా నాకొకటే కదప్పా"
అనేవాడు.

కొత్త ఎల్‌ఈడీలు బిగించినాక
నెల తిరక్కుండానే నిద్ర దూరమయింది.
రెండో జామున ఆకలంటాడు.
మిట్టమధ్యాహ్నం గుడ్డపేలికల మీద తూగుతాడు.
జొన్నరొట్టె చేదంటాడు.
"ఎవురో పొద్దును నా తోలు కింద పెట్టి
కుట్టేసినారు. ఇప్పేదెట్ల?"

మేం నవ్వినాం, కళ్లున్నోళ్లం.
ఇంటికి పోయి రెప్పలు మూస్తే
లోపల తెల్లగా అదే షెడ్డు.
అది ఎవురికీ చెప్పలేదు.

నిన్న రాత్రి కరెంటు పోయింది.
సేటు అరుస్తున్నాడు.
సూదులు గుడ్డలోనే నిలబడినాయి.
ఆ మూల,
గుండీల డబ్బా ఒళ్లో పెట్టుకుని
హంపన్న గురక.

జనరేటరు తాడు లాగబోయిన పిల్లోడి చెయ్యి
గట్టిగా పట్టుకున్నా.