దండ వేసిన ఫోటో

బ్రాడీపేటలో, మెడికల్ షాపు పైన
ఇరుకు మెట్లెక్కితే మోషే రత్నం మాస్టారి టైపు ఇన్‌స్టిట్యూటు.
పదకొండు మిషన్లు. మూడింటికి 'ఇ' పడదు.
రాత్రి తొమ్మిదయ్యాక
మిషన్లకి గుడ్డలు కప్పేసి
టీవీ చెక్క తలుపులు రెండు పక్కలకీ జరిపేవారు మాస్టారు,
బీరువాలోంచి బంగారం తీస్తున్నట్టు.

వారానికి అరగంట, ఇంగ్లండు వాళ్ళ నవ్వులాట.
మాకు ఇంగ్లీషు రాకేం, వచ్చు,
డియర్ సర్ దగ్గర్నుంచి యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ దాకా.
వాళ్ళు మాట్లాడేది మాత్రం అది కాదు.
ఎక్కడ నవ్వాలో పెట్టె లోపలి జనమే ముందు నవ్వి చూపించేవాళ్ళు.
వెనకాలే మేమూ అందుకునేవాళ్ళం,
మంత్రం తెలియకపోయినా
మేళం మోగగానే అక్షింతలు వేసినట్టు.

పేర్లకి నోరు తిరక్క మేమే పెట్టుకున్నాం.
పొట్టివాడు తాలూకాఫీసు గుమాస్తా.
తలుపు తోస్తే తలుపే ఊడొచ్చే లావుపాటావిడ పెదకాకాని అత్త.
ఇంకొకడు, పొడుగు ముక్కువాడు,
ఎక్కిన ప్రతి నిచ్చెన మీంచీ పడేవాడు,
పడబోయే ముందు ఒక్క క్షణం
లోకం వైపు అనుమానంగా చూసేవాడు.
వాడికి మాత్రం పేరు పెట్టనిచ్చేవారు కాదు మాస్టారు.
'ఆయన' అనేవారు.

"అర్థమయ్యే నవ్వుతున్నారా?"
వంటింట్లోంచి కరుణమ్మ గారు.
"ఆదివారం నువ్వు ఏడ్చేది అర్థమయ్యేనా?" ఇక్కణ్ణించి మాస్టారు.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
అందరం దగ్గుతూ నవ్వేవాళ్ళం,
ఏ నీళ్ళు దేనివో కళ్ళకే తెలిసేది కాదు.

నిమిషానికి అరవై మాటలు కొట్టే మనిషి
లండన్‌కి ఒక్క పేజీ ఉత్తరానికి మూడు రాత్రులు తీసుకున్నారు,
'ఇ' పడే మిషను మీద.
ఏడు నెలలకి కవరొచ్చింది.
ఉత్తరం లేదు. ఫోటో.
మూల నీలిసిరా సంతకం, జారిపడుతున్నట్టే.

యేసు క్యాలెండరుకీ స్పీడు చార్టుకీ మధ్య కట్టారు.
టైపు మిషను కనిపెట్టిన దొర అని ఎవరు పుట్టించారో,
కొత్తగా చేరినవాళ్ళు దణ్ణం పెట్టుకుని కూర్చునేవాళ్ళు.
మాస్టారు కాదనలేదు.
దసరాకి లోయరు బ్యాచి ఆడపిల్లలు
మిషన్లకి కుంకుమ పెట్టి,
మిగిలిన బంతిపూల దండ దొరకి వేసి,
అగరొత్తి కూడా గుచ్చారు.

గుమ్మంలోనే కూలబడ్డారు మాస్టారు.
"బతికున్నాడర్రా! ఈ పాటికి టీ తాగుతుంటాడు!"
తీసేస్తామంటే ఒప్పుకోలేదు.
"ఆయనకి తెలిస్తే ఇంకోటి వెయ్యమంటాడు."
ఆ తర్వాత ఏటా కొత్త దండ.
బతికున్న మనిషికి మా ఊళ్ళో పదిహేడు దండలు.

కంప్యూటర్లొచ్చాయి.
మిషన్లు ఒక్కోటీ తూకానికి మెట్లు దిగాయి.
రెండు మిగిలాయి, 'ఇ' పడనివి.

పేపరు చివరి పేజీలో, అడుగున,
పోస్టల్ స్టాంపంత ఫోటో, నాలుగు లైన్లు.
నేనే పట్టుకెళ్ళాను.
కళ్ళజోడు తుడిచి చదివారు, పెట్టుకుని మళ్ళీ చదివారు.
స్టూలు లాక్కుని ఎక్కి
దండ తీయబోయారు.

"అదేంటి మాస్టారూ, వెయ్యాల్సింది ఇప్పుడు కదా?"

"ఇప్పుడేస్తే అందరిలాగే అయిపోతాడ్రా."

ఎండిన రేకులు ఆయన భుజాల మీద రాలుతున్నాయి.
స్టూలు కాలు ఒకటి పొట్టిది, మా అందరికీ తెలుసు.
దిగబోతూ, అది కదిలి,
ఆగిపోయారు, దండ చేతిలో,
లోకం వైపు అనుమానంగా చూస్తూ.

టీవీ తలుపులు మూసే ఉన్నాయి.
నవ్వొచ్చో లేదో చెప్పేవాళ్ళెవరూ లేరు.
వంటింటి గడపలో, చేతిలో గరిటెతో,
కరుణమ్మ గారే ముందు అందుకున్నారు.