తాళం చెవి తీయొద్దు

కోర్చాలో తెల్లవారుజామున నాలుగున్నర.
పాతబజారు రాళ్ల మీద మంచు, ఉప్పు చల్లినట్టు.
ఎర్సెకా పోవాల్సిన ముగ్గురు నా టాక్సీ చుట్టూ నిలబడి
నోళ్లలోంచి పొగ వదులుతున్నారు.
వదలాల్సిన బండి మాత్రం వదలటం లేదు.

తాళం చెవి దూర్చగానే
స్టీరింగు లోపల ఒక చిన్న చప్పుడు ఉండాలి,
సీసాలో పడ్డ తేనెటీగ తిరిగినట్టు, అర క్షణం.
పద్నాలుగేళ్లుగా ఈ మెర్సిడెస్ తోలుతున్నాను.
ఆ చప్పుడొకటి ఉందని
అది రాని ఈ ఉదయం తెలిసింది.

లైట్లు వెలిగాయి. హారన్ మోగింది,
మేడ మీది కిటికీలోంచి ఒక తిట్టు కూడా రాలింది.
అంటే బ్యాటరీ ఏ పాపం ఎరగదు.
ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి ఫోను వెలుగులో చూశాను.
వెంట్రుకంత తీగ, ఏదీ తెగలేదు.
రెండో తాళం చెవి కోసం ఇంటికి పరుగెత్తితే
లులియేతా కళ్లు తెరవకుండానే "చిక్కుళ్ల డబ్బాలో" అంది.
అదీ దూరింది. అదీ మూగదే.
స్టీరింగు అటు అంగుళం, ఇటు అంగుళం,
పెళ్లిలో అలిగిన మేనమామ మెడలాగా.

"దిష్టి," అంది జున్ను తట్ట దించకుండానే ద్రానా అవ్వ.
"వెల్లుల్లి కట్టావా?"
కట్టాను అవ్వా, అద్దానికి, అదుగో.
అవ్వ వంగి చూసి, "ఎండిపోయింది" అంది.

నూరీ వచ్చాడు, పైజామా మీద కోటు,
ఒక జేబులో అక్రోట్లు, ఇంకో జేబులో రబ్బరు సుత్తి.
చెవి ఆనించి విన్నాడు, ఏమీ లేనిదాన్ని చాలాసేపు.
"చిటికెన వేలంత మోటారు. లోపల బొగ్గు అరిగిపోయింది.
దొంగ కోసం పెట్టారు దాన్ని.
పద్నాలుగేళ్లు కాచుకుంది, దొంగ రాలేదు.
విసిగి నిన్ను పట్టుకుంది."

నేను దూర్చడం, అతను కొట్టడం.
తీయడం. దూర్చడం. కొట్టడం.
ఎనిమిది దెబ్బలకి ఉలకలేదు.
తొమ్మిదోదానికి
తేనెటీగ.

ముగ్గురూ ఎక్కి కూర్చున్నారు, మళ్లీ దిగమంటానేమోనని గబగబా.
నూరీ కిటికీలో తల పెట్టాడు.
"తాళం చెవి తీయొద్దు. ఇంజను ఆపు, దిగు, తిను, పడుకో.
అది మాత్రం అక్కడే ఉండాలి.
ఈసారి బిగిస్తే నా సుత్తి మాట కూడా వినదు.
కొత్త మోటారు రావడానికి పది రోజులు."

మొదటి రాత్రి కిటికీ దగ్గరే కుర్చీ వేసుకున్నాను.
తలుపు తీసి ఉన్న బండి, తాళం చెవి దాని నోట్లోనే,
వీధి దీపం కింద.
రెండో రాత్రి వాన. రొట్టెల కొట్టు ఫాతోస్ బండెక్కాడు.
చెప్పులు దొరక్క వట్టి కాళ్లతో ఉరికాను.
"అద్దం దించి మర్చిపోయావు, ఎత్తాను" అన్నాడు,
నా కాళ్ల వంక చూసి నవ్వాడు.
నాలుగో పొద్దున సీటు మీద జున్ను ముక్క, ఆకులో చుట్టి.
అద్దానికి పచ్చి వెల్లుల్లి.
ఆ తర్వాత కుర్చీ వంటింట్లోకి వెళ్లిపోయింది.

కంచే చేను మేసింది, సరే.
కంచె లేని చేనుని
ఎవరెవరు కాశారో నేను అడగలేదు.

పార్సిల్ వచ్చిందని నూరీ రెండుసార్లు కబురు పెట్టాడు.
వెళ్లాలి.
రేపు ఎర్సెకా బేరం ఉంది. ఎల్లుండి చూద్దాం.